ఒక్కరికే గది

ఆసుపత్రి వెనక వీధి, మేడమీద వాటా
ఫిబ్రవరి 2

వదినా,

ఇది చదివేముందు చుట్టూ ఎవరైనా ఉన్నారేమో చూసుకో. ఉంటే వంటింట్లోకి పో. మీ ఇంట్లో ఫోను హాల్లో ఉంటుంది, మోగితే చాలు ఇంటిల్లిపాదీ చెవులు రిక్కిస్తారు. అందుకే ఈ కాగితం, ఈ కలం.

సంగతేమిటంటే, నేను నగరంలో ఒక హోటల్లో గది తీసుకున్నాను. రెండు రాత్రులకి. నా ఒక్కదానికే.

నోరు మూసుకో, ఈగలు దూరతాయి. నా మతి బాగానే ఉంది. పొద్దున్నే బీపీ కూడా చూసుకున్నాను, నూట ఇరవైకి ఎనభై.

పోయిన నెల మా వార్డులో ఆరో నంబరు మంచం ఆవిడ ఇంటికి వెళ్తూ ఒక పత్రిక వదిలేసి వెళ్ళింది. మధ్యాహ్నం మందులిచ్చాక ఊరికే తిరగేస్తుంటే ఒక బొమ్మ కనిపించింది. ఒక పాత మేడ, అందులో ఒక గది, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద దీపం, ఒక కుర్చీ. ఒక్కటే కుర్చీ వదినా! రెండోది లేదు. నేను ఆ పేజీ చింపి యూనిఫారం జేబులో పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను చేసిన మొదటి దొంగతనం అది.

అన్నయ్య ఉత్తరం సంగతి నీకు తెలిసిందే. "అత్తగారు కూడా పోయాక అక్కడ నీకెవరున్నారు? రాత్రిపూట ఏదైనా అయితే మంచినీళ్ళిచ్చే దిక్కుండదు. ఉద్యోగం ముందుగానే మానేసి వచ్చెయ్, పైగది నీకే. మార్చి పదిహేనులోగా తేల్చి చెప్పు" అన్నాడు. స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం తెచ్చుకున్నాను కూడా. పేరు రాశాను, పుట్టినతేదీ రాశాను. సంతకం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది.

ఆగాక ఆలోచించాను. నాకు యాభై నాలుగేళ్ళు. ఇంతవరకు ఒక్క రాత్రయినా ఒంటరిగా పడుకున్నానా? చిన్నప్పుడు అమ్మ పక్కన. నర్సింగు హాస్టల్లో గదికి ఎనిమిది మందిమి. పెళ్ళయ్యాక ఆయన, ఆయన పోయాక ఇరవై రెండేళ్ళు అత్తగారు. ఆవిడ పోయిన రోజు నుంచి పక్కింటి పిన్నిగారు తోడు పడుకోవడానికి వస్తోంది. ఆవిడ గురకకి మా గోడలు సున్నం రాలుస్తున్నాయి. రాత్రి డ్యూటీ ఉంటే ముప్పై మంది రోగులు తోడు. మరి నేను ఒంటరిగా ఉండలేనని అన్నయ్యకెలా తెలుసు? నాకే తెలియదే!

రోగం తేలకుండా మందు వాడమని ఏ డాక్టరూ చెప్పడు. కాబట్టి పరీక్ష చేసి చూసుకుంటాను. రెండు రాత్రులు తోడు లేకుండా ఉంటాను. భయపడ్డానా, వచ్చి సంతకం పెట్టేస్తాను, మీ పైగదికి వచ్చేస్తాను. భయపడలేదా, అప్పుడు చూద్దాం. మా ఊళ్ళో అయితే పిన్నిగారు తలుపు కొట్టి మరీ తోడొస్తుంది. అందుకే హోటలు. ఆ బొమ్మ కూడా ఒక కారణం, నీ దగ్గర దాపరికం దేనికి.

అన్నయ్యకి మాత్రం నర్సుల శిక్షణ అని రాశాను. నువ్వు అబద్ధం ఆడనక్కర్లేదు, అడిగితేనే కదా. హోటలు ఫారంలో "అవసరమైతే ఎవరికి తెలియజేయాలి" అని ఉంటే మీ ఇంటి నంబరే వేశాను. నాకింకెవరున్నారు?

నీ బుల్లి


సర్వేయరు గారి ఇల్లు, వంటింటి మూల
ఫిబ్రవరి 9

ఓసి నీ దుంప తెగ!

నీ ఉత్తరం చదువుతూ కదలకుండా నిలబడిపోయాను. పాలన్నీ పొంగి పొయ్యి పాలు. కోడలు వచ్చి "ఏమైంది అత్తయ్యా?" అంటే, బుల్లి శిక్షణకి వెళ్తోందట అన్నాను. శిక్షణకి పాలెందుకు పొంగుతాయో ఆ పిల్లకి అర్థం కాలేదు.

వదినని కాబట్టి ముందు తిట్టాలి. తిట్టేశాననుకో. ఒంటరి ఆడది, ఊరు కాని ఊరు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, ఇంకా ఏవేవో ఉన్నాయి, అవన్నీ నీకు తెలిసినవే. నువ్వు వెళ్ళక మానవు. నువ్వు ఎనిమిదో తరగతిలో బెంచీ మీద నా పక్కన కూర్చున్నప్పుడే ఇంతే, వద్దన్న పనే ముందు.

ఇక్కడ మీ అన్నయ్య హడావుడి చెప్పనలవి కాదు. పైగదికి రంగు వేయిస్తున్నారు. టేపు పట్టుకెళ్ళి నీ మంచం కొలత, బీరువా కొలత, మంచానికీ కిటికీకీ మధ్య నువ్వు నడవడానికి ఎంత జాగా ఉండాలో ఆ కొలత కూడా రాసుకొచ్చారు. సర్వేయరు ప్రేమ అలాగే ఏడుస్తుంది. మనవళ్ళు "మామ్మ ఎప్పుడొస్తుంది, సూది వేస్తుందా?" అని అడుగుతున్నారు. నువ్వు వస్తే ఇల్లంతా సంతోషిస్తుంది. ఆ గది మంచిది. గాలి బాగా వస్తుంది, కిటికీలోంచి నాలుగు వీధుల అవతలిదాకా కనిపిస్తుంది.

అది అలా ఉంచు. ఆ హోటలు గది గురించి నాకు అన్నీ రాయాలి. తలుపుకి లోపలి గడియ ఉంటుందా? పనివాళ్ళు చెప్పకుండా వచ్చేస్తారా? ఆ కుర్చీ కిటికీకి ఎంత దూరం? అందులో కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరా? ఏం చేస్తున్నావు, ఎందుకు కూర్చున్నావు, అన్నం ఎప్పుడు అని? గంటసేపు కూర్చున్నా అడగరా?

ఊరికే, తెలుసుకుందామని.

నీ వదిన


హోటలు, రెండో అంతస్తు, ఏడో నంబరు గది
శుక్రవారం సాయంత్రం

వదినా, వదినా, వదినా!

ముందు ఈ కాగితం తడిమి చూడు, ఎంత మందంగా ఉందో! కవర్లతో సహా బల్ల మీద పెట్టారు, నాలాంటివాళ్ళు వదినలకి రాసుకోవడానికి.

ఇది ఒకప్పుడు ఎవరో బట్టల వ్యాపారి ఇల్లట. మొత్తం పదకొండు గదులే. ఏ రెండు తలుపులకీ ఒకే రంగు లేదు. నాది ముదురాకుపచ్చ. ఇత్తడి కటకటాల లిఫ్టు ఒకటుంది. అందులో ఇద్దరెక్కితే మూడోవాళ్ళు ఊపిరి బిగబట్టుకోవాలి. నేను మెట్లెక్కాను. మెట్లు గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్తాయి. పట్టుకునే చెక్క ఎన్ని చేతులు తగిలి అరిగిందో, వెన్నలా ఉంది. ఎవరూ చూడటం లేదు కదా అని మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కాను.

కౌంటరు దగ్గరి అమ్మాయి "మీతో ఇంకెవరైనా వస్తున్నారా అండీ?" అని అడిగింది. "లేదమ్మా, ఒక్కదాన్నే" అంటూ తలొంచుకున్నాను, ఏదో తప్పు చేసి దొరికినట్టు. ఆ పిల్ల మాత్రం మొహం వెలిగించుకుని "అయితే మీకు మూల గది ఇస్తానండీ. ఇద్దరికైతే ఇరుకు, ఒక్కరికైతే రాజభోగం" అని తాళంచెవి చేతిలో పెట్టింది. వదినా, ఒక్కదాన్నే అన్నందుకు జాలిపడకుండా మంచి గది ఇచ్చినవాళ్ళని నా జన్మలో చూడటం ఇదే!

నువ్వడిగినవి చెప్తున్నాను. తలుపుకి లోపల గడియ ఉంది, దాని పైన గొలుసు కూడా ఉంది. పిలవకుండా ఎవరూ రారు. అంతేనా, బయట తగిలించడానికి ఒక అట్ట ఇచ్చారు, "దయచేసి పిలవకండి" అని. ఇరవై నాలుగు గంటలూ "సిస్టర్, సిస్టర్" అనే పిలుపులో బతికిన దాన్ని. అట్ట తగిలించి, గడియ పెట్టి, ఎవరైనా పిలుస్తారేమోనని పావుగంట చెవి ఒగ్గి కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు! కుర్చీ కిటికీకి మూరెడు దూరం. ఎంతసేపు కూర్చున్నా అడిగే నాథుడు లేడు.

మంచం మా వార్డు మంచాలు మూడు కలిపినంత. దిండ్లు ఆరు. ఒక్క తలకి ఆరు దిండ్లేమిటో, వేరే గదివి పొరపాటున వచ్చాయేమోనని అడగబోయి ఊరుకున్నాను. స్నానాలగదిలో పెద్ద తొట్టి ఉంది, కాళ్ళు సింహం పంజాల్లా చెక్కారు. ఎన్ని వేలమందికి ఒళ్ళు తుడిచిన చేతులివి! ఇవాళ పీకలదాకా వేడినీళ్ళలో పడుకుని, వేళ్ళు ముడతలు పడేదాకా లేవలేదు. బయట నుంచి ఎవరూ "అయిందా?" అని తలుపు కొట్టలేదు. తువ్వాలు మాత్రం నేను తెచ్చుకున్నదే వాడాను. వాళ్ళవి అంత తెల్లగా ఉంటే ముట్టుకోబుద్ధి కాలేదు.

కింద వీధిలో ఒక టోపీల కొట్టుంది. లోపలికి వెళ్ళి నీలంరంగు టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. బొత్తిగా బాగాలేదు. బాగాలేదని నేనే అనుకుని, నేనే నవ్వుకుని బయటికొచ్చాను. వంతెన దాకా నడిచాను. ఎటు తిరగాలో ఎవరినీ అడగలేదు, కాళ్ళు ఎటు పోతే అటు.

ఇప్పుడు ఏడైంది. భోజనానికి కిందికి రమ్మన్నారు గానీ మంచాన్ని చూస్తే కాళ్ళు కదలటం లేదు. సంచిలో రొట్టె ఉంటే తిన్నాను. చీకటి పడుతోంది. థర్మామీటరు పెట్టినట్టు నన్ను నేనే చూసుకుంటున్నాను, భయం వస్తుందా అని. ఇంకా రాలేదు. వచ్చినా దాచను. సంతకమా కాదా అనేది ఈ రెండు రాత్రుల్లో తేలాలి.

బుల్లి


సర్వేయరు గారి ఇల్లు
శనివారం మధ్యాహ్నం

బుల్లీ,

ఇది నీకు చేరేసరికి నువ్వు తిరిగి వచ్చేసి ఉంటావు. అయినా వేడి మీద రాయకపోతే నా పొట్ట పగిలిపోతుంది.

పొద్దున్న తొమ్మిదింటికి ఫోను మోగింది. ఇవాళ సెలవు. మీ అన్నయ్య ఫోను పక్కనే పేపరు పరుచుకుని కూర్చున్నారు. ఆయన కళ్ళజోడు తీసేలోపు నేను అందుకున్నాను, బతికిపోయాం.

"అండీ, మేం హోటలు నుంచి" అంది ఒక అమ్మాయి. "ఏడో నంబరు గదిలో దిగినావిడ ఇచ్చిన నంబరు ఇది. రాత్రి భోజనానికి రాలేదు. ఇప్పుడు గది సర్దడానికి వెళ్తే మనిషి లేరు. పక్క వేసింది వేసినట్టే ఉందండీ, రాత్రి గదిలో పడుకున్న జాడే లేదు. తువ్వాలు కూడా మడత విప్పలేదు. మీ దగ్గరికేమైనా వచ్చేశారా?"

భయపడి బస్టాండుకి పరుగెత్తిందేమో, ఏ బెంచీ మీద ముడుచుకుని కూర్చుందో అనుకున్నాను. మీ అన్నయ్య పేపరు మీదుగా నన్నే చూస్తున్నారు. కోడలు గరిటెతో సహా వచ్చి నిలబడింది.

అంతలో తట్టింది. "పక్క ఎలా ఉందమ్మా?" అన్నాను.

"చక్కగా ఉందండీ. ఒక్క ముడత లేదు."

"దుప్పటి మూలలు చూడమను. కవరు మడతలా ఏటవాలుగా దోపి ఉన్నాయా?"

ఎవరో మెట్లెక్కి వెళ్ళి వచ్చారు. అందాకా నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. "ఉన్నాయటండీ" అంది.

"దిండు గలీబు మూతి ఎటు ఉంది? తలుపుకి అవతలి వైపుకా?"

మళ్ళీ పైకి పరుగు. "అవునటండీ. ఆరింటివీ అటే ఉన్నాయట."

"అయితే నిక్షేపంలా పడుకుంది. లేచి పక్క సర్దేసి షికారుకి వెళ్ళింది. ఆమె చెయ్యి అది. కంగారుపడకండి."

ఫోను పెట్టగానే మీ అన్నయ్య "ఎవరు?" అన్నారు. "బుల్లి ఉన్నచోటి వాళ్ళు" అన్నాను. "ఏమంటారు?" "అది పక్క సర్దిన తీరు చూసి నివ్వెరపోయారట" అన్నాను. వెతికి చూడు, ఒక్క ముక్క అబద్ధం లేదు. ఇక మీ అన్నయ్యని పట్టగలమా! "మరేమనుకున్నారు? చిన్నప్పుడు మా ఇంట్లో పక్కలన్నీ అదే సర్దేది" అని చొక్కా వేసుకుని బయటికి వెళ్ళారు. ఆయన వీధి చివరికి చేరేసరికి నువ్వు శిక్షణలో మొదటి స్థానంలో ఉన్నావు. ఈ పాటికి నీకు బంగారు పతకం కూడా వచ్చే ఉంటుంది.

ఎంత నవ్వుకున్నా ఒక్క మాట చెప్పాలి. నువ్వు భయపడి పారిపోయావేమో అనుకున్న ఆ రెండు నిమిషాలూ నాకు చాలా బాధేసింది. బాధతో పాటు ఇంకోటి కూడా అనిపించింది. అది నీకు చెప్పను, చెప్పుకునే మాట కాదు.

రాత్రి ఎలా గడిచిందో నిజం రాయి. ఇక్కడ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. గది రంగు ఆరిపోయింది.

నీ వదిన


హోటలు, ఏడో నంబరు గది
ఆదివారం పొద్దున్న

వదినా,

నిన్ను భయపెట్టినందుకు చెవులు పట్టుకుంటున్నాను. కౌంటరు అమ్మాయి అంతా చెప్పింది. "మీ వదినగారు ఫోనులోనే మిమ్మల్ని పట్టేశారండీ" అని ఒకటే పొగడ్త.

శుక్రవారం రాత్రి ఎలా గడిచిందని అడుగుతావు కదా. నాకు తెలియదు! రాత్రనేది నేను చూడనే లేదు. నీకు రాసిన ఉత్తరం కవర్లో పెట్టి, దిండు ఎంత మెత్తగా ఉందో చూద్దామని తల ఆన్చాను. కళ్ళు తెరిచేసరికి కిటికీ తెల్లబడుతోంది. అత్తగారు దగ్గితే లేచేదాన్ని, పిన్నిగారు ఒత్తిగిల్లితే లేచేదాన్ని. ఎవరి అలికిడీ లేకపోతే నేను ఇంతసేపు నిద్రపోతానని యాభై నాలుగేళ్ళకి తెలిసింది.

లేవగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. దుప్పటి లాగి, మూలలు దోపి, గలీబులు అటు తిప్పి, తొట్టి తుడిచి, గ్లాసు బోర్లించి, సంచి బీరువాలో పెట్టి వెళ్ళాను. అలవాటు వదినా. మంచం ఖాళీ అయితే ఐదు నిమిషాల్లో ఇంకొకరికి సిద్ధంగా ఉండాలి కదా! నా మంచం నుంచి నన్నే డిశ్చార్జి చేసి పంపేశాను. తిరిగొచ్చేసరికి హోటలు హోటలంతా వాకిట్లో ఉంది.

గదులు సర్దే ఆవిడది నా ఈడే. నన్ను చూడగానే ఏడ్చినంత పని చేసి, తర్వాత చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళింది. "ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నానండీ. ఇలాంటి మూల నేను వెయ్యలేను, ఎలా వేశారో చూపించండి" అంది. నేను చూపించాను. ఆవిడ తనది చూపించింది. మేమిద్దరం ఆ మంచానికి చెరోవైపు నిలబడి అరగంట దుప్పటి దోపుతూ, పీకుతూ, పోటీ పెట్టుకున్నాం. వెళ్తూ వెళ్తూ చేతులు జోడించింది. "మీ పనికి వంక లేదండీ. కానీ రేపు మాత్రం దయచేసి ముట్టుకోకండి. మనిషి పడుకుని లేచినట్టు ఉంచి వెళ్ళండి. నాకు ధైర్యంగా ఉంటుంది."

నిన్న పగలంతా తిరిగాను. బొమ్మల మ్యూజియంలో కాళ్ళు నొప్పెట్టి ఒక పెద్ద సముద్రం బొమ్మ ముందు కూర్చుంటే గంట గడిచిపోయింది. మధ్యాహ్నం పెద్ద భోజనశాలకి వెళ్ళాను. "ఎంతమందండీ?" అన్నారు. ఈసారి తల ఎత్తే చెప్పాను, "ఒక్కరే" అని. సూపు తాగి, చేప తిని, ముందు తీపి తినాల్సిందని అప్పుడు తట్టి చివర్లో రెండు రకాల తీపి తెప్పించుకున్నాను.

రాత్రికి మళ్ళీ పరీక్ష. మొదటిది చెల్లదు కదా, నిద్రలో రాసిన పరీక్ష! అందుకని పట్టుబట్టి మెలకువగా కూర్చున్నాను. దీపం ఆర్పాను. ఎవరో ఆర్పమంటే కాదు, నాకు ఆర్పాలనిపించి ఆర్పాను. లిఫ్టు చప్పుడు విన్నాను, వీధిలో ఎవరో నవ్వుకుంటూ పోవడం విన్నాను. భయం ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుంది అని చూశాను. సంతోషం వచ్చింది వదినా. ఎంత సంతోషమంటే సిగ్గేసింది. ఆయన, అత్తగారు, అందరూ పోయాక ఇంత సంతోషపడొచ్చా అనిపించింది. పడొచ్చు అనుకున్నాను. అనుకుని పడుకున్నాను.

ఇప్పుడు బయల్దేరుతున్నాను. పక్క సర్దలేదు. దుప్పటి ఒక పక్కకి, దిండ్లు నాలుగు దిక్కులకి. చేతులు దురద పెట్టి మెట్లదాకా వెళ్ళి వెనక్కొచ్చాను, తాళంచెవి కూడా తిప్పాను. లోపలికి వెళ్ళకుండా మళ్ళీ తాళం వేసి వచ్చేశాను. ఇది కింద కౌంటరు దగ్గర నిలబడి రాస్తున్న ముక్క. గుండె దడదడా కొట్టుకుంటోంది, పరీక్ష పాసైన పిల్లకి కొట్టుకున్నట్టు.

బుల్లి


ఆసుపత్రి వెనక వీధి
మార్చి 5

వదినా,

ఇందులో రెండు కాగితాలున్నాయి. రెండోది అన్నయ్యకి. ముందు నువ్వు చదివి, తర్వాత ఇవ్వు.

అన్నయ్యని కాదనడానికి నాకు భయం లేదు. రెండు రోజులు అలుగుతాడు, మూడో రోజు మామూలు. నిన్ను కాదనడమే కష్టంగా ఉంది. నీ ప్రతి ఉత్తరంలోనూ గది సిద్ధం, రంగు సిద్ధం అని రాశావు. నేను వస్తే మళ్ళీ ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు ఉంటుందని ఎంత ఆశపడ్డావో నాకు తెలుసు. నీ మొహం గుర్తొచ్చి ఈ వారంలో మూడుసార్లు విరమణ కాగితం తీశాను. మూడోసారి సంతకంలో మొదటి అక్షరం కూడా పెట్టాను. తర్వాత చింపేశాను.

నన్ను తిట్టు. ఉత్తరాలు మాత్రం మానకు.

బుల్లి

*

అన్నయ్యా,

ముందు తప్పు ఒప్పుకుంటాను. శిక్షణ లేదు, పతకమూ లేదు. నేను ఒక హోటల్లో రెండు రాత్రులు ఒంటరిగా ఉండి వచ్చాను. ఉండగలనో లేదో చూసుకోవడానికే వెళ్ళాను. ఉండగలను అన్నయ్యా. నువ్వు అనుకున్నదానికన్నా, నేను అనుకున్నదానికన్నా బాగా ఉండగలను.

పక్కింటి పిన్నిగారిని ఇక తోడు రావద్దని చెప్పాను. వారం నుంచి మా ఇంట్లో నేనొక్కదాన్నే పడుకుంటున్నాను. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది, అది పూర్తి చేస్తాను. కాబట్టి నాకు ఆ గది వద్దు.

నువ్వు పిలవకపోయి ఉంటే ఇంత ధైర్యంగా వద్దనేదాన్ని కాదు. వెనక ఒక ఇల్లుందని తెలుసు కాబట్టే ముందుకి నడుస్తున్నాను. నడవడానికి ఎంత జాగా కావాలో కూడా కొలిచి పెట్టిన అన్నయ్య ఎంతమందికి ఉంటాడు? కోపం వస్తే నా మీదే చూపించు, వదిన మీద వద్దు.

నీ చెల్లెలు


సర్వేయరు గారి ఇల్లు, పైగది
మార్చి 14

బుల్లీ,

నీ కాగితం మీ అన్నయ్య హాల్లో నిలబడి పైకి చదివారు. ఈ ఇంట్లో ఉత్తరమంటే అందరిదీ కదా. "నాకు ఆ గది వద్దు" అనే దగ్గర ఆయన చదవడం ఆపారు. నేను చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తాను. కోడలు వెనకే వచ్చి "ఊరుకోండి అత్తయ్యా, ఏడవకండి" అని వీపు నిమిరింది.

నేను ఏడవటం లేదు బుల్లీ. నవ్వుతున్నాను. ఆపుకుందామంటే భుజాలు ఊగిపోతున్నాయి.

తిట్టమన్నావు. ముందు నా సంగతి విని, నన్నే తిట్టు. మూడేళ్ళుగా రోజూ మధ్యాహ్నం రెండింటికి అందరూ కునుకు తీస్తున్నప్పుడు నేను పైగదికి వెళ్తున్నాను. పాత బట్టల పెట్టె సర్దుతున్నానని చెప్తాను. ఆ పెట్టెలో ఉన్నవి ఎనిమిది చొక్కాలు, రెండు దుప్పట్లు. మూడేళ్ళుగా అవే సర్దుతున్నాను. తలుపు వేసుకుని, పెట్టె మీద కూర్చుని, కిటికీలోంచి చూస్తాను. అక్కడ ఏం చేస్తావని అడగకు. ఏమీ చెయ్యను. గంటన్నర ఏమీ చెయ్యకుండా ఉంటాను, అంతే. ఆ గంటన్నర కోసం మిగతా ఇరవై రెండున్నర గంటలూ అందరికీ పలుకుతాను.

మీ అన్నయ్య ఆ గది నీకు అన్నప్పుడు ఏమని చెప్పను? ఒక్కగానొక్క ఆడపడుచుకి నీడ ఇవ్వడానికి లేని మనసు, ఊరికే కూర్చోవడానికి ఉందా అంటారు. నాకే అలా అనిపించింది. అందుకే నీకు రా రా అని రాశాను. రాసిన ప్రతిసారీ నువ్వు రాకూడదని కోరుకున్నాను. హోటలువాళ్ళు ఫోను చేసిన రోజు నువ్వు భయపడ్డావేమోనని బాధపడ్డాను, దానితో పాటే నా గది పోయిందనుకున్నాను. అదీ ఆ రోజు చెప్పుకోలేని మాట. నువ్వేమో నా మొహం గుర్తొచ్చి సంతకం పెట్టబోయావు! ఇద్దరం ఒకరి గొంతు ఒకరం ఎంత ప్రేమగా నొక్కబోయామో చూడు.

మీ అన్నయ్య నువ్వన్నట్టే రెండు రోజులు అలిగారు. నిన్న భోజనాల దగ్గర "సరే, రంగు వేసిన గది ఊరికే ఎందుకు, పిల్లలకి చదువుకునే గది చేద్దాం" అన్నారు. అబ్బాయి సరే అన్నాడు. కోడలు సరే అంది. నా చేతిలో ముద్ద అలాగే ఉంది. నువ్వు "ఒక్కరే" అని తల ఎత్తి చెప్పానన్నావే, అది గుర్తొచ్చింది.

"ఆ గది నాకు కావాలి" అన్నాను.

అందరూ తినడం ఆపేశారు. "నీకా? ఎందుకు?" అన్నారు మీ అన్నయ్య.

"ఊరికే."

"ఊరికేనా?"

"ఊరికే. రోజూ కాసేపు కూర్చోవడానికి. నాకు ఒక్కదాన్నే ఉండాలనుంది."

చెప్పేశాను బుల్లీ! ఆయన నన్నే చూశారు. ఇన్నేళ్ళుగా ఇంట్లోనే ఒక జాగా కొలవకుండా వదిలేసినట్టు మొహం పెట్టారు. నా మీద అరుస్తారనుకున్నాను. అరవలేదు. "రంగు నచ్చిందా మరి?" అని అడిగారు.

"నచ్చలేదు" అన్నాను.

"వేరేది వేయిస్తాలే" అని పెరుగు వడ్డించుకున్నారు.

ఇప్పుడు తలుపు వేసుకుని ఇది రాస్తున్నాను. కింద ఎవరో నన్ను పిలుస్తున్నారు. పిలవనీ.

నీ వదిన